‘వద్దు’ అనగలిగేంత సొంత డబ్బు

2025 జనవరి 20న అమెరికా అధ్యక్షుడు విదేశీ సహాయాన్ని 90 రోజులు ఆపేస్తూ సంతకం పెట్టాడు. వారం తిరక్కుండానే ఎన్నో దేశాల్లోని స్వచ్ఛంద సంస్థలకు ‘ఉన్నపళంగా పని ఆపండి’ అనే ఉత్తరాలు చేరాయి. మార్చికల్లా అమెరికా ప్రభుత్వ విదేశీ సహాయ సంస్థ యూఎస్ఎయిడ్ కార్యక్రమాల్లో 83 శాతం రద్దయ్యాయని విదేశాంగ మంత్రి ప్రకటించాడు. 1961లో పుట్టిన ఆ సంస్థ జులై 1కల్లా విదేశాంగ శాఖలో కలిసిపోయింది. బ్రిటన్ కూడా జాతీయాదాయంలో సహాయం వాటాను 2027 నాటికి 0.5 నుంచి 0.3 శాతానికి దించుతానని అదే ఏడాది ఫిబ్రవరిలో చెప్పేసింది.

అప్పటి నుంచి ఈ విషయం మీద కనిపించినదల్లా చదువుతున్నాను. దాదాపు అందరూ అడుగుతున్న ప్రశ్న ఒకటే: ఈ లోటును స్థానికంగా ఎలా పూడ్చాలి? జవాబులూ ఇంచుమించు ఒకటే. కంపెనీలను అడగండి, ఆన్‌లైన్‌లో చందాలు పోగెయ్యండి, ఏదైనా వ్యాపారం పెట్టండి, ప్రభుత్వ పథకాల్లో చేరండి. వీటిలో దేనికీ నేను వ్యతిరేకిని కాను. కానీ విదేశాల నుంచి వచ్చే ప్రతి రూపాయికీ బదులు ఇంకో రూపాయి వెతకాలనుకుంటే ఏ చిన్న సంస్థా ఆ పని చెయ్యలేదు, చెయ్యనక్కర్లేదు కూడా.

కొన్నేళ్లుగా చిన్న సంస్థలకు గ్రాంట్ల కోసం, అంటే దాతలిచ్చే నిధుల కోసం, ప్రపోజల్స్ రాసిపెట్టడం, బడ్జెట్లు సరిచూడటం నా పని. సంస్థల మంచిచెడ్డలు నాకు ఎక్కువగా ఆ కాగితాల్లోంచే తెలుస్తాయి. అక్కడి నుంచి చూస్తే నాకు అనిపించేది ఇది. తనకు సరిపడని గ్రాంటు ఎదురైనప్పుడు ‘ఇది మాకొద్దు’ అనగలిగేంత సొంత డబ్బు సంస్థ చేతిలో ఉండాలి. సంస్థ బడ్జెట్ అంతటితో పోలిస్తే ఆ మొత్తం చాలా చిన్నది. ముందు దాన్ని కూడబెట్టుకుంటే, మిగతాది ఎక్కడి నుంచి వచ్చినా సంస్థ దానికి బానిస కాదు.

డబ్బు మారితే దారి మారుతుందా?

ఒక సంస్థ బడి మానేసిన ఆడపిల్లల కోసం పనిచేసేది. ఏ ఇంటి పిల్ల ఏ నెలలో బడి మానేస్తుందో, ఎందుకు మానేస్తుందో అక్కడి కార్యకర్తలు ముందే చెప్పగలిగేవాళ్లు. అంత పట్టు ఏళ్ల తరబడి ఆ ఇళ్ల గడపలు తొక్కితేనే వస్తుంది. అంతలో వాళ్ల దాత కొత్త ఐదేళ్ల ప్రణాళికలో వాతావరణ మార్పు వైపు మళ్లాడు. ప్రపోజల్ రాయడానికి నన్ను పిలిచారు. “పిల్లల చదువునీ వాతావరణ మార్పునీ ఎలాగైనా కలపాలండి, లేకపోతే వచ్చే ఏడాది జీతాలు లేవు,” అన్నారు సంస్థ నడిపే ఆవిడ. కలిపాం. గ్రాంటు వచ్చింది. రెండో ఏడాదికి ఆ కార్యకర్తలు ఇళ్లకు వెళ్లడం తగ్గించి, నాటిన మొక్కల్లో ఎన్ని బతికాయో లెక్కపెట్టే పనిలో పడ్డారు. మొక్కలు నాటడం మంచి పనే. దాన్ని వాళ్లకంటే బాగా చేసేవాళ్లు వేరే ఉన్నారు. ఆ పిల్లల ఇళ్లకు వెళ్లేవాళ్లు మాత్రం ఇంకెవరూ లేరు.

ఆ దాత విదేశీయుడు. స్వదేశీ కంపెనీ అయినా కథ ఇలాగే నడిచేది. భారతదేశంలో 2014 ఏప్రిల్ నుంచి ఒక స్థాయి దాటిన కంపెనీలు తమ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలన్న చట్టం అమల్లో ఉంది. దానివల్ల దేశంలోపలి డబ్బు పెరిగిన మాట నిజం. అయితే ఆ డబ్బు ఎక్కువగా ఏడాదికోసారి తేలే నిర్ణయం. కంపెనీకి ఫ్యాక్టరీ ఉన్న చుట్టుపక్కలే తిరుగుతుంది. కట్టిన గదీ పంచిన వస్తువూ ఫొటోలో కనిపిస్తాయి గనక వాటిని ఇష్టపడుతుంది. భూమి హక్కు కోసమో కూలీ రేట్ల కోసమో జనాన్ని కూడగట్టే పనికి ఏ కంపెనీ ఇస్తుంది? ఇక ప్రభుత్వ కాంట్రాక్టు తీసుకున్న సంస్థ బిల్లు పాస్ కావాల్సిన ఆఫీసు మీద గట్టిగా మాట్లాడలేదు. విదేశీ డబ్బు పోయి స్వదేశీ డబ్బు వచ్చినంత మాత్రాన సంస్థ స్వతంత్రమైనట్టు కాదు. యజమాని మారాడు, అంతే.

ఊళ్లో దాత అయితే పట్టు మరీ బిగుసుకుంటుంది. ఇళ్లలో హింసకు గురైన ఆడవాళ్లకు అండగా నిలిచే ఒక సంస్థకు అక్కడి పెద్దమనిషి ఒకాయన పెద్ద మొత్తం విరాళం ఇచ్చాడు. విదేశీ నిధులు తగ్గిన సమయం కాబట్టి అందరూ సంతోషించారు. కొన్నాళ్లకు ఆయన బంధువుల ఇంటి కోడలే ఒంటి నిండా దెబ్బలతో వాళ్ల గుమ్మం ఎక్కింది. ఆ రోజు కమిటీలో జరిగిన వాదన నాకు తెలుసు. చివరికి కేసు తీసుకున్నారు, విరాళం వెనక్కి ఇచ్చేశారు, తర్వాతి నెల ఇద్దరికి జీతాలు ఆగాయి. సముద్రాల అవతలి దాత ఎంత పెత్తనం చేసినా, ఇంటికి మనిషిని పంపించి ‘ఈ కేసు వదిలెయ్యండి’ అనడు. స్థానిక నిధుల గురించి ఉత్సాహంగా రాసేవాళ్లు ఈ సంగతి కూడా రాయాలని నా కోరిక.

గ్రాంటు రూపంలోనే ఉంది లోపం

ఆధారపడటాన్ని సంస్థల బద్ధకంగానో, అలవాటుగానో చిత్రించే వ్యాసాలు చదివినప్పుడు నాకు కోపం వస్తుంది. మామూలు ప్రాజెక్టు గ్రాంటు ఎలా ఉంటుందో చూడండి. డబ్బు ఫలానా పనులకే ఖర్చు పెట్టాలి. ఫలానా తేదీలోపే పెట్టాలి. మిగిలితే వెనక్కి పంపాలి. నిల్వ పెట్టుకోకూడదు. ఆఫీసు అద్దె, అకౌంటెంట్ జీతం, కంప్యూటర్ రిపేరు లాంటి వాటికి ఒక చిన్న శాతమే ఇస్తారు. అమెరికా ప్రభుత్వ గ్రాంట్లలో, ప్రభుత్వంతో మాట్లాడి సొంత రేటు తేల్చుకోలేని చిన్న సంస్థకు ఈ ఖర్చుల కింద దక్కేది చాలాకాలం 10 శాతమే. 2024లో దాన్ని 15కు పెంచారు. అదే గ్రాంటును పైన అందుకునే పెద్ద అంతర్జాతీయ సంస్థలు ప్రభుత్వంతో మాట్లాడుకుని ఇంతకంటే బాగా ఎక్కువ రేటు తీసుకునేవి.

ఇలా ఇరవై ఏళ్లు నడిచాక కూడా ఒక సంస్థ ఖాతాలో మూడు నెలల జీతాలకు సరిపడా డబ్బు లేదంటే ఆశ్చర్యపోవడానికేముంది? వచ్చిన డబ్బు వచ్చినట్టే ఖర్చు కావాలని నిబంధన పెట్టి, ఇరవై ఏళ్ల తర్వాత ‘మీరు సొంత కాళ్ల మీద నిలబడటం నేర్చుకోలేదు’ అనడం అన్యాయం.

దాతలకు ఈ సంగతి తెలియదని కూడా అనలేం. 2016లో ఇస్తాంబుల్‌లో జరిగిన ప్రపంచ మానవతా శిఖరాగ్ర సమావేశంలో పెద్ద దాతలూ పెద్ద సంస్థలూ ‘గ్రాండ్ బార్గెయిన్’ పేరుతో ఒక ఒప్పందానికి వచ్చారు. 2020కల్లా మానవతా సహాయంలో 25 శాతం వీలైనంత నేరుగా స్థానిక సంస్థలకు అందాలన్నది అందులో ఒక మాట. గడువు దాటిపోయినా నేరుగా అందింది పది శాతానికి చాలా దూరంలోనే ఆగింది. 2021లో యూఎస్ఎయిడ్ అధిపతి సమంతా పవర్ కూడా నాలుగేళ్లలో 25 శాతం అని లక్ష్యం పెట్టింది. అది పది శాతం దగ్గర తిరుగాడుతుండగానే ఆ సంస్థ తలుపులే మూతపడ్డాయి. దాతలు మారతారని ఎదురుచూస్తూ కూర్చోలేమని ఈ పదేళ్లు చూశాకే నాకు గట్టిగా అనిపించింది.

రేపు అన్నీ ఆగిపోతే ఏం చేస్తారు?

బడ్జెట్ పని మొదలుపెట్టే ముందు ఈ మధ్య నేను సంస్థల్ని ఒక ప్రశ్న అడుగుతున్నాను. రేపు ఉదయం అన్ని గ్రాంట్లూ ఆగిపోతే, మీరు ఆపకుండా చేసే పని ఏది? కొందరు ఆలోచించకుండా చెప్పేస్తారు. ‘ఆ ఆడపిల్లల ఇళ్లకు వెళ్తాం.’ ‘ఆ పేషెంట్లకు మందులు అందాయో లేదో చూస్తాం.’ ఇంకొందరు చాలాసేపు మాట్లాడరు. ఆ మౌనం అవమానంగా భావించనక్కర్లేదు, ఎన్నో ఏళ్లు వాళ్లను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు.

జవాబు దొరికాక దానికి ఎంతమంది మనుషులు కావాలో లెక్కేస్తాం. సాధారణంగా కొద్దిమంది చాలు. కూర్చోవడానికి ఒక గది, రాకపోకల ఖర్చు, ఆడిట్ ఫీజు. అంతే. మిగతా బడ్జెట్‌లో పెద్ద భాగం గ్రాంటు వల్లే పుట్టిన ఖర్చు. ఒకే గ్రామాల్లో ఒకే పని గురించి నలుగురు దాతలకు నాలుగు ఫార్మాట్లలో రిపోర్టులు రాసే సంస్థను నేను చూశాను. ఆ రిపోర్టుల కోసమే ఒక మనిషిని పెట్టుకున్నారు. ఒక్కో దాత ఒక్కో తేదీకి అడుగుతాడు, ఒక్కో విధంగా వయసుల్ని విడగొట్టమంటాడు. ఆ గ్రాంట్లు పోతే ఆ ఉద్యోగమూ పోతుంది. బాధాకరమే, కానీ గ్రామంలో పనికి దానివల్ల లోటు రాదు.

అందుకే, విదేశీ సాయం మీద ఆధారపడటం తగ్గించుకోవాలనుకునే సంస్థ మొదటి మూడేళ్లూ చెయ్యాల్సింది ఈ చిన్న మొత్తానికి దారి చూసుకోవడమే అంటాను. ఆరు నెలలు దాన్ని నడపగల నిల్వ చేతిలో ఉంటే, దాత ముందు కూర్చున్నప్పుడు మాట తీరే మారిపోతుంది.

లెక్క అడిగే హక్కు

ఆ చిన్న మొత్తం ఎవరి దగ్గర నుంచి రావాలి? వీలైనంతమంది దగ్గర నుంచి, ఒక్కొక్కరి దగ్గరా కొంచెం కొంచెంగా. అందులోనూ సంస్థ ఎవరి కోసం పనిచేస్తోందో వాళ్లే ముందు వరసలో ఉండాలన్నది నా అభిప్రాయం. ఇది చాలామందికి నచ్చదు. ‘పేదవాళ్ల దగ్గర డబ్బు తీసుకోవడమా?’ అంటారు.

కూలి పనులు చేసే ఆడవాళ్ల సంఘాలతో పనిచేసే ఒక సంస్థ, గ్రాంట్లు సన్నగిల్లాక, నెలకింత అని సభ్యత్వ చందా మొదలుపెట్టింది. అడగడానికి స్టాఫ్‌కే మొహమాటం. సభ్యులకు మాత్రం అదేమీ లేదు. రెండు మూడు నెలల తర్వాత ఒక మీటింగులో పెద్దావిడ ఒకామె లేచి, “ఇదిగో అమ్మాయ్, మేమిచ్చిన డబ్బు దేనికి పెట్టారో ఓసారి చదివి వినిపించు,” అంది. ఆ సంస్థకు ఏటా ఆడిట్ జరుగుతూనే ఉంది. దేశం దాటి రిపోర్టులు వెళ్తూనే ఉన్నాయి. కానీ ఆ లెక్క వినిపించమని ఆ గదిలో ఎవరూ అంతకు ముందు అడగలేదు. చదివి వినిపించారు. బండి అద్దె అంతెందుకైందని అడిగారు. వార్షికోత్సవానికి బ్యానర్లూ శాలువాలూ వద్దని తీర్మానం చేశారు. వచ్చిన చందా ఆ సంస్థ బడ్జెట్‌లో లెక్కలోకి కూడా రాదు. అయినా ఆ రోజు నుంచి ఆ సంస్థ ఎవరిదో ఆ ఆడవాళ్లకు అనుమానం లేకుండా పోయింది. డబ్బిచ్చినవాడికి లెక్క అడిగే హక్కు వస్తుందన్న సూత్రాన్ని ఇన్నాళ్లూ విదేశీ దాతలే వాడుకున్నారు.

ఇక్కడ నన్ను నిజంగా తడబడేలా చేసే ఒక అభ్యంతరం ఉంది. 1980ల చివర్లో, 90ల్లో ఆఫ్రికాలోని చాలా దేశాలు ప్రభుత్వాసుపత్రుల్లో రోగుల దగ్గర ఫీజు వసూలు చెయ్యడం మొదలుపెట్టాయి. ప్రజలూ ఖర్చు పంచుకుంటే సేవలు నిలబడతాయన్నది అప్పటి వాదన. నష్టపోయింది నిరుపేదలే. 2001లో ఉగాండా ఆ ఫీజులు ఎత్తేసినప్పుడు ఆసుపత్రులకు వచ్చేవాళ్ల సంఖ్య బాగా పెరిగింది, అందులోనూ పేదవాళ్లది. అంటే అంతకు ముందు వాళ్లంతా జబ్బుతో ఇంట్లోనే ఉండిపోయారన్నమాట. ‘స్వయం సమృద్ధి’ పేరుతో ఇలాంటిది మళ్లీ జరగకూడదు.

నేను గీసుకున్న గీత ఇది. అవసరం నెత్తిన పడ్డ రోజున, సేవ అందే గుమ్మం దగ్గర డబ్బు అడగకూడదు. బాగున్న రోజుల్లో, సభ్యులుగా, తోచినంత ఇవ్వమని అడగొచ్చు. ఇవ్వలేనివాళ్లకు సేవలో తేడా రాకూడదు. బంగ్లాదేశ్‌లో 1972లో డాక్టర్ జఫ్రుల్లా చౌదరి మొదలుపెట్టిన గణస్వాస్థ్య కేంద్రం కుటుంబాల ఆర్థిక స్థితిని బట్టి వేర్వేరు మొత్తాలతో ఆరోగ్య బీమా నడిపింది. నిరుపేదలు కట్టేది నామమాత్రమే, ఉన్నవాళ్లు ఎక్కువ కట్టాలి. ఇది పూర్తిగా ఖర్చులకు సరిపోదు. అయినా పేదవాడిని లెక్కలోంచి తప్పించకుండా భాగస్వామిని చెయ్యడం సాధ్యమేనని ఇది చూపిస్తుంది.

చిన్న చందాలతో పెద్ద పనులు జరగవన్న మాట కూడా నేను ఒప్పుకోను. రాజస్థాన్‌లో 1990లో ఏర్పడిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ విదేశీ సంస్థల దగ్గర గానీ, ప్రభుత్వం దగ్గర గానీ, పెద్ద ఫౌండేషన్ల దగ్గర గానీ నిధులు తీసుకోలేదు. మనుషులిచ్చిన చందాలతో నడిచింది. పూర్తికాలం కార్యకర్తలు తీసుకున్నది కనీస వేతనం. పంచాయతీ పనుల బిల్లులూ మస్టర్ రోళ్లూ (కూలీల హాజరు పట్టీలు) జనం మధ్య బిగ్గరగా చదివి వినిపించిన వాళ్ల జన సునవాయీలు, అంటే బహిరంగ విచారణలు, 2005 నాటి సమాచార హక్కు చట్టానికి దారి వేసిన ప్రధాన ఉద్యమాల్లో ఒకటి. ఇతరుల లెక్కలు బయటపెట్టమని అడిగేవాళ్ల వెనుక ఎవరి డబ్బుందో వేలెత్తి చూపే వీలు ఎదుటివాళ్లకు లేకుండా పోయింది. పాకిస్తాన్‌లో అబ్దుల్ సత్తార్ ఈధీ కూడా ప్రభుత్వాల సొమ్ము ముట్టుకోకుండా, మామూలు మనుషుల విరాళాలతోనే దేశవ్యాప్తంగా అంబులెన్సులు నడిపాడు. 2015లో భారత ప్రధాని ప్రకటించిన కోటి రూపాయల విరాళాన్ని కూడా మర్యాదగా కాదన్నాడు.

ఈ రెండు ఉదాహరణలకూ పరిమితి ఉందని నాకు తెలుసు. ఒకటి అరుదైన నిబద్ధత ఉన్న మనుషుల జీవనశైలి మీద నిలబడింది. రెండోది ముస్లింలలో ఉన్న జకాత్ అనే బలమైన దాన సంప్రదాయం మీద, ఒక మనిషి మీద ఉన్న నమ్మకం మీద నిలబడింది. కనీస వేతనంతో జీవితమంతా పనిచెయ్యమని ఇద్దరు పిల్లల్ని చదివించుకునే ఫీల్డ్ వర్కర్‌ను నేను అడగలేను. నర్సుకి, అకౌంటెంట్‌కి న్యాయమైన జీతం ఇవ్వాలి. అయితే ముఖ్యమైన పని ఎంత తక్కువ డబ్బుతో నిలబడగలదో తెలుసుకోవడానికి ఈ ఉదాహరణలు పనికొస్తాయి.

వ్యాపారం పెడితే?

సొంత ఆదాయం అనగానే అందరూ బంగ్లాదేశ్‌లోని బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ పేరు చెబుతారు. 1972లో ఫజ్లే హసన్ ఆబెద్ లండన్‌లో తన ఫ్లాట్ అమ్మిన డబ్బుతో, శరణార్థులుగా వెళ్లి తిరిగొచ్చినవాళ్ల కోసం మొదలుపెట్టిన పని అది. తొలినాళ్లలో విదేశీ గ్రాంట్లతోనే పెరిగింది. ఇవాళ దాని ఖర్చులో ఎక్కువ భాగం సొంత సంస్థల ఆదాయం నుంచే వస్తుంది. కానీ వరసను గమనించాలి. పల్లెటూరి ఆడవాళ్లు చేసిన చేనేత, చేతిపనుల వస్తువులకు కొనేవాళ్లు లేక 1978లో ఆడోంగ్ దుకాణాలు పెట్టారు. అప్పు తీసుకుని ఆవులు కొన్న మహిళలకు పాలు అమ్ముకునే దారి లేక డెయిరీ పెట్టారు. ముందు పని ఉంది, ఆ పనిలో ఎదురైన అడ్డంకి ఉంది, దాన్ని తప్పించడానికి వ్యాపారం వచ్చింది. ‘డబ్బు కావాలి కాబట్టి ఏదో ఒకటి అమ్ముదాం’ అని మొదలైనవి కావు.

మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రి కూడా అంతే. 1976లో డాక్టర్ వెంకటస్వామి 11 పడకలతో మొదలుపెట్టినప్పటి నుంచీ, ఇవ్వగలిగినవాళ్లు ఇచ్చిన ఫీజు మిగతావాళ్ల ఆపరేషన్లకు సరిపోయేలా నడిచింది. అక్కడ విదేశీ సాయం వాడుకున్న తీరు నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది. 1992లో కంటిలో అమర్చే లెన్సులను సొంతంగా తయారు చెయ్యడానికి ఆరోల్యాబ్ పెట్టినప్పుడు అమెరికాలోని సేవా ఫౌండేషన్ లాంటివాళ్లు తోడ్పడ్డారు. బయటివాళ్ల డబ్బూ నైపుణ్యమూ ఒక సామర్థ్యాన్ని నిలబెట్టాయి. దాని ఫలితంగా లెన్సుల ధర పడిపోయింది, ఆసుపత్రికి ఏటా చెయ్యి చాచే అవసరం తప్పింది. విదేశీ డబ్బు వస్తే ఇలాంటి చోట పెట్టాలి, నెలనెలా జీతాల్లో కాదు.

చిన్న సంస్థలకు మాత్రం వ్యాపారం గురించి నేను భయపెట్టేదే చెబుతాను. వ్యాపారానికి పెట్టుబడి కావాలి, నష్టం తట్టుకునే ఓపిక కావాలి, రోజంతా దాని మీదే దృష్టి ఉండాలి. జనం మధ్య బాగా పనిచేసే కార్యకర్తకు ఇవి ఉండాలని ఏమీ లేదు. ఇంకా పెద్ద ప్రమాదం అది విజయవంతం అయినప్పుడు వస్తుంది. పేద మహిళలకు చిన్న అప్పులిచ్చే మంచి ఉద్దేశంతో స్వచ్ఛంద సంస్థలు మొదలుపెట్టిన పని, పెట్టుబడిదారులు వచ్చి చేరాక ఎలా తిరగబడిందో 2010లో ఆంధ్రప్రదేశ్ మైక్రోఫైనాన్స్ సంక్షోభంలో అందరం చూశాం. ఒకే ఇంటికి అప్పు మీద అప్పు, వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తలు, ఆ అక్టోబరులో ప్రభుత్వ ఆర్డినెన్సు. విదేశీ సాయం అక్కర్లేని స్థితికి చేరినంత మాత్రాన సంస్థ పేదల పక్షాన ఉన్నట్టు కాదని అంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు తెలీదు.

ఎవరూ ఇవ్వని పనులు

నా వాదనలో అన్నిటికంటే బలహీనమైన చోటు ఇదే. చుట్టూ ఉన్న సమాజానికి ఇష్టం లేని పనులున్నాయి. సెక్స్ వర్కర్ల ఆరోగ్యం, ట్రాన్స్‌జెండర్ల హక్కులు, ఖైదీలు, అల్పసంఖ్యాకులు, వలస వచ్చినవాళ్లు. అనాథ పిల్లల పేరు చెబితే చందా ఇచ్చే చెయ్యి వీళ్ల పేరు చెబితే వెనక్కి వెళ్తుంది. స్థానిక నిధులే న్యాయమైనవని అంటే, స్థానిక వివక్షకు కూడా తల వంచినట్టే. ఇలాంటి చోట్ల దూరం నుంచి వచ్చిన డబ్బే మనుషుల్ని బతికించింది. అమెరికా 2003లో ప్రారంభించిన పెప్‌ఫర్ కార్యక్రమం హెచ్‌ఐవీ నుంచి రెండున్నర కోట్ల ప్రాణాలు కాపాడిందని ఆ ప్రభుత్వ అంచనా. ఏ సభ్యత్వ చందా అన్ని మందులు కొనగలదు? దాన్ని ఉన్నట్టుండి కదిలించడం క్రూరత్వం. ‘ఇకనైనా స్థానిక సంస్థలు మేలుకుంటాయి’ అని దానికి మంచి వెతికే వ్యాసాలు నాకు మింగుడు పడవు.

పైగా, విదేశీ డబ్బు వద్దని గట్టిగా చెప్పేవాళ్లలో విమర్శ వినడం ఇష్టం లేని ప్రభుత్వాలూ ఉన్నాయి. ఇథియోపియా 2009లో ఒక చట్టం చేసింది. పది శాతానికి మించి విదేశీ నిధులు తీసుకునే సంస్థలు మానవ హక్కుల పని చెయ్యకూడదన్నది దాని సారాంశం. దానివల్ల ఆ సంస్థలు స్వావలంబన సాధించలేదు. కొన్ని మూతపడ్డాయి, కొన్ని హక్కుల మాట వదిలేశాయి. 2019లో ఆ చట్టాన్ని మార్చాల్సి వచ్చింది. రష్యా 2012లో ఇలాంటి సంస్థలకు ‘విదేశీ ఏజెంట్లు’ అని ముద్ర వేసింది. భారతదేశంలో 2020 సవరణ తర్వాత, విదేశీ నిధులు అందుకున్న సంస్థ వాటిలో కొంత ఇంకో చిన్న సంస్థకు ఇవ్వడం కూడా కుదరదు. నేరుగా విదేశీ దాతను చేరలేని మారుమూల సంస్థలకు ఉన్న ఒక్క దారీ దాంతో మూసుకుపోయింది.

అందుకే విదేశీ సాయం తగ్గాలని నేను కోరుకోవడం లేదు. పేద దేశాలకు జాతీయాదాయంలో 0.7 శాతం ఇవ్వాలని 1970లో ఐక్యరాజ్యసమితిలో పెట్టుకున్న లక్ష్యాన్ని సంపన్న దేశాల్లో కొద్ది మాత్రమే ఎప్పుడైనా అందుకున్నాయి. ఆ బాకీ అలాగే ఉంది. కానీ ప్రభుత్వం ఒక సంతకంతో, దాత ఇంకో సంతకంతో పీక నులమగల సంస్థకు, ఎంత చిన్నదైనా తనదైన డబ్బు కావాలి. ఎవరూ ఇవ్వని పనులు చేసేవాళ్లకు అది ఇంకా ఎక్కువ కావాలి. కొన్నిచోట్ల సెక్స్ వర్కర్లే తమ సంఘాలను, పొదుపు సహకార సంస్థలను నిలబెట్టుకున్నారు. బయటి సమాజం ఇవ్వకపోతే వాళ్లలో వాళ్లే ఇచ్చుకున్నారు. మందుల ఖర్చు దాంతో తీరదు. పోలీసు పట్టుకెళ్తే లాయర్‌ను పిలవడానికీ, ఆఫీసు గది నిలబెట్టుకోవడానికీ తీరుతుంది.

దాతతో కూర్చున్నప్పుడు

డబ్బు వస్తున్నప్పుడే అడగాల్సినవి ఉన్నాయి. ఆగిపోయాక అడిగి లాభం లేదు. ఒప్పందం రాసుకునే రోజునే ముగింపు గురించి మాట్లాడాలి. చివరి ఏడాది ఎలా తగ్గిస్తారు, ఎన్ని నెలల ముందు చెబుతారు, కొన్న బండీ కంప్యూటర్లూ ఎవరికి మిగులుతాయి. ఆఫీసు ఖర్చులకు నిజంగా ఎంతవుతుందో అంత అడగాలి. తక్కువ చూపిస్తే గ్రాంటు వస్తుందని తగ్గించి రాసే అలవాటు దాదాపు అన్ని సంస్థల్లో ఉంది. ఆ తగ్గింపు చివరికి ఎవరో ఒక ఫీల్డ్ వర్కర్ ఆగిపోయిన పీఎఫ్‌లో తేలుతుంది. ఏ ఒక్క దాత వాటా మూడో వంతు దాటకుండా చూసుకోవాలని కమిటీ తీర్మానం ఉండాలి, ఆ దాత స్వదేశీ అయినా సరే. నాలుగైదు చిన్న సంస్థలు కలిసి ఒకే అకౌంటెంట్‌ను పెట్టుకోవచ్చు. దీనికి డబ్బు కంటే ఒకరి మీద ఒకరికి నమ్మకం ఎక్కువ కావాలి కాబట్టి ఇది అరుదుగా జరుగుతోంది.

అన్నిటికంటే కష్టమైనది గ్రాంటు కాదనడం. నేను ఒక్కసారే దగ్గరుండి చూశాను. నిల్వలో నాలుగు నెలల జీతాలున్న సంస్థ, తన పనితో సంబంధం లేని పెద్ద గ్రాంటును, రోజంతా వాదించుకుని, వదులుకుంది. దాత ప్రతినిధి నమ్మలేక రెండుసార్లు ఫోన్ చేసి అడిగాడు. తర్వాతి ఏడాది వాళ్ల బడ్జెట్ తగ్గింది. ఇద్దరు మంచి ఉద్యోగులు వేరే చోటికి వెళ్లిపోయారు. ఆ నిర్ణయం సరైనదేనా అని కమిటీలో ఇప్పటికీ భిన్నాభిప్రాయాలున్నాయి. నా దృష్టిలో సరైనదే. అయితే వెళ్లిపోయిన ఆ ఇద్దరి పేరు వచ్చినప్పుడు నేనూ గట్టిగా వాదించలేకపోతున్నాను.

ఇప్పుడు నేను రాసే ప్రతి బడ్జెట్‌లోనూ ‘నిల్వ నిధి’ అని ఒక పద్దు ఉంటుంది. ఎక్కువమంది దాతలు దాన్ని కొట్టేస్తారు. కొట్టేసినప్పుడు కారణం రాతపూర్వకంగా ఇవ్వమని సంస్థ తరఫున అడుగుతున్నాను. కొందరు తమ నిబంధన ఒప్పుకోదని రాస్తున్నారు. ఒకరిద్దరు ఆ నిబంధనను తమ బోర్డు ముందు పెడతామని జవాబిచ్చారు. పెట్టారో లేదో వచ్చే విడత ప్రపోజల్‌తో పాటు అడగబోతున్నాను.